ఇంటి బీరుకూ కల్తీ సారాకూ ఒకే శిక్షా?



ఇళ్లలో బీరు తయారుచేసుకొనే పిచ్చి మన నగరాలకు కూడ పాకుతున్నదనీ, కల్తీ సారా బట్టీలను అణచినట్టే దానినీ మొదటనే అణచివేయవలెననీ ఒక పెద్దమనిషి ఈ శీర్షికలో ఇటీవల వ్రాసినారు. వారి ఉద్దేశం మంచిదే. తాగుడు వలన కూలిన సంసారాలను ఎరుగనివారెవరు? కాని వేరువేరు వస్తువులను ఒకే గాటను కడితే, మంచి ఉద్దేశం నుండి కూడ చెడ్డ చట్టమే పుడుతుంది. అందుచేత ఈ విషయం గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

మొదట చట్టం సంగతి. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. అందువలన ఆంధ్రదేశానికి వెలుపల స్థిరపడిన మనవారికి ఒక్కొక్కచోట ఒక్కొక్క చట్టం. మహారాష్ట్రలో ఉన్నవారికి 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, తమిళనాట ఉన్నవారికి 1937 నాటి మద్యనిషేధ చట్టం, యానాంవారికి 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజ్ చట్టం, ఒడిశాలో ఉన్నవారికి 2008 నాటి చట్టం. నేను నివసించే కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఏ మత్తు పానీయమూ తయారు చేయరాదు. అనగా సొంతానికి ఒక గుండిగెడు బార్లీ కాచుకున్న మనిషీ, ఊరి చివర బట్టీపెట్టి సారా దించి అమ్మిన మనిషీ ఆ చట్టం ముందు ఒకే నేరం చేసినవారు. చట్టం ఉన్నంతకాలం దానిని పాటించవలసినదే. నేను నా ఇంట ఒక్క సీసా అయినా తయారు చేయలేదు, చేయమని ఎవరికీ చెప్పను. అయితే చట్టం సబబుగా లేదనీ, దానిని మార్చవలెననీ అడిగే హక్కు పౌరునికి ఉన్నది.

ఆ పెద్దమనిషి కల్తీ సారా చావులను ఉదాహరించినారు. 1981లో ఈ బెంగుళూరులోనే వందలమంది అటువంటి సారాకు బలి అయినారు. 2024 జూన్‌లో తమిళనాట కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయినారు. ఆ చావులకు కారణం మిథైల్ ఆల్కహాలు. అది కర్మాగారాలలో వాడే విషపదార్థం. చౌకగా మత్తు పెంచడానికి దానిని దుర్మార్గులు సారాలో కలుపుతారు. కడుపులోకి పోయిన తరువాత అది ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, పిమ్మట ప్రాణాన్ని తీస్తుంది. ధాన్యం మామూలుగా పులిసినప్పుడు ఈ విషం పుట్టేది లెక్కకు రానంత స్వల్పం. బీరును బట్టీపెట్టి దించరు, అందులో స్పిరిటు కలపరు. నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే ఆల్కహాలు ఉండే పులిసిన ధాన్యపు నీరు అది. దానిని కళ్లకురిచ్చి సారాతో జతచేయడం న్యాయం కాదు.

పులియబెట్టడం మనకు కొత్త విద్యా? ఇడ్లీపిండి పులియనిదే మన ఇళ్లలో తెల్లవారదు. కోస్తా జిల్లాలలో మన పెద్దలు పొయ్యి పక్కన తరవాణి కుండను నిలిపి, దానిని ఎన్నడూ ఖాళీ కానీయక ఏళ్ల తరబడి కాపాడుకొనేవారు. ఇక ఈ కన్నడ సీమలోనూ రాయలసీమలోనూ పసిపిల్లలకు పట్టే మొలకరాగి పిండి సంగతి చూడండి. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తిన తరువాత ఎండబెట్టి, దోరగా వేయించి విసురుతారు. మొలక వచ్చేటప్పుడు గింజలో పుట్టే ఒక పదార్థం పిండిని చక్కెరగా మారుస్తుంది. అందుకే మొలకరాగి జావ పలుచగా, కొంచెం తియ్యగా ఉండి బిడ్డకు సులభంగా అరుగుతుంది. బార్లీని కూడ ఇట్లే మొలకెత్తించి ఎండబెడితే దానిని మాల్టు అంటారు. బీరుకు మూలం అదే. మన అమ్మలు చేసే పనిలో సగం పనిని దొరలు మరొక దారికి మళ్లించినారంతే.

ఈ పని ఎట్లా జరుగుతుందో నేను కళ్లారా చూసినాను. 2019లో మా అమ్మాయి ఇంటికి అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వెళ్లి ఉన్నప్పుడు, మే నెల మొదటి శనివారంనాడు మా అల్లుడుగారి స్నేహితులు ఆరుగురు కారు షెడ్డులో చేరినారు. ఇంట బీరు చేసుకొనేవారంతా ఆ దేశంలో ఏటా ఆ వారంలో ఒక పండుగవలె కలుసుకొని పని ప్రారంభిస్తారట. ఉదయం తొమ్మిదింటికి మొదలైన పని మధ్యాహ్నం మూడింటికి గాని ముగియలేదు. అయిదు కిలోల మాల్టును రవ్వగా మరపట్టి, 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టినారు. వేడి కొంచెం హెచ్చినా తగ్గినా రుచి మారునట. ఒకరు అదేపనిగా ఉష్ణమాపకం పట్టుకొని కూర్చున్నారు. ఆ తియ్యని రసాన్ని వడగట్టి, చేదు కోసం హాపు పూలు వేసి, గంటసేపు తెర్లించినారు. పిమ్మట చన్నీరు పారే రాగిగొట్టం చుట్టతో త్వరగా చల్లార్చి, ఈస్టు వేసి మూత బిగించినారు. ఇంతచేసి తయారైనది ఇరవై లీటర్లకు లోపు.

"మామయ్యగారూ, ఇందులో కాచడం తక్కువ, కడగడం ఎక్కువ" అని అల్లుడుగారు నవ్వినారు. అది నిజమే. గిన్నె, గొట్టం, గరిటె, మూత – ప్రతి వస్తువునూ రెండుసార్లు కడిగి శుద్ధి చేయనిదే ముట్టుకోలేదు. మడి వంట చేసే మా అమ్మమ్మ కూడ అంత పట్టుదల చూపలేదేమో! తరువాత రెండు వారాలు పులియాలి. సీసాలకు ఎత్తేటప్పుడు కొలిచిన చక్కెర కొంచెం వేసి, మరి రెండు వారాలు ఆగాలి. చక్కెర హెచ్చితే సీసాలు పగులుతాయి. ఆనాడు వచ్చినవారు తమ వెనుకటి సీసా ఒక్కొక్కటి తెచ్చి, తలా ఒక చిన్న గ్లాసు రుచి చూసి, ఇందులో చేదు తగ్గింది, అందులో పులుపు తగిలింది అని పుస్తకాలలో వ్రాసుకున్నారు. తూలినవారిని ఒక్కరినీ నేను చూడలేదు. మన ఆడవారు ఆవకాయ పెట్టిన మరునాడు ఒకరి జాడీ మరొకరు రుచి చూచి పాళ్లు చెప్పుకొన్నట్టే ఉన్నది.

ఆ దేశంలో కూడ ఇది ఎల్లప్పుడూ చెల్లుబాటైన పని కాదు. 1933లో మద్యనిషేధం తీసివేసిన తరువాత కూడ ఇంట బీరు చేసుకొనడానికి చట్టంలో చోటు దొరకలేదు. 1978లో కార్టర్ అధ్యక్షుడుగా ఉండగా ఆ చట్టం మార్చినారు. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు హద్దు. అమ్మరాదు. ఆ చట్టం సారా దించుకొనడానికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. అయినప్పటికీ రాష్ట్రాలన్నీ ఒప్పుకొనేసరికి 2013 వచ్చినది. ఇంగ్లండులో 1880 నుండి ఇంటి బీరుకు లైసెన్సు కావలసి ఉండగా 1963లో దానిని రద్దుచేసినారు.

అంత దూరం పోనేల? 1915 నాటి బీహారు–ఒరిస్సా ఎక్సైజ్ చట్టంలో తెల్లదొరలు కూడ బియ్యమో చిరుధాన్యమో పులియబెట్టి చేసిన పానీయానికి 'పచ్వై' అని వేరే పేరు పెట్టి, సారా నుండి విడదీసి నిర్వచించినారు. హండియా కుండకూ సారా బట్టీకీ తేడా ఉన్నదని పరాయి ప్రభువులకు తెలిసినది. మనకు తెలియకపోవడం ఏమి?

ఇక అభ్యంతరాలు. స్త్రీల కష్టం ఎక్కడికి పోతుందని ఆ పెద్దమనిషి అడిగినారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవారి పోరాటం వలననే 1993 అక్టోబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిలిచిపోయినది. కర్ణాటకలో 2007 జూలైలో సారాను నిషేధించినారు. కాని ఆ స్త్రీలు పోరాడినది దేనిమీద? కూలి డబ్బులు చేతపడిన సాయంకాలానికి దారికాచే దుకాణం మీద, ఆ దుకాణాన్ని పెంచి పోషించే వేలంపాట మీద. నేడు బీరు కావలసినవానికి వీధి మలుపులో దుకాణం ఉన్నది. తమిళనాట 2003 నుండి ఆ దుకాణం సాక్షాత్తు ప్రభుత్వానిదే. తాగుడుకు బానిసైనవాడు ఆరుగంటలు పొయ్యి దగ్గర నిలబడి, నెలరోజులు మూత తీయకుండ ఎదురుచూస్తాడా?

బీరు కూడ మత్తుపదార్థమే, అందులో సందేహం లేదు. మితమైనంత మాత్రాన నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించినది. కావున దీనిని ఆరోగ్యమని గాని, సంస్కృతి అని గాని గొప్ప చేయబోవడం లేదు. నా వాదం చిన్నది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదర్శంగా చెప్పినది. ఆ ఆదర్శాన్ని నిజంగా పాటించే ప్రభుత్వం ఇంటి బీరును నిషేధిస్తే ఎవరూ కాదనరు. కాని లక్షల సీసాలు అమ్మించి, ఆ రాబడితో ఖజానా నింపుకొని, 2010 తరువాత ఈ నగరంలో హోటళ్లలోనే బీరు తయారుచేసి, కొన్నిచోట్ల రాగులతో సైతం, గ్లాసుల లెక్కన అమ్మడానికి లైసెన్సులిచ్చిన ప్రభుత్వం, అమ్మకుండ ఇంట చేసుకొనేవానిని మాత్రం నేరస్థుడనడం ధర్మరక్షణ కాదు, బేరరక్షణ.

అయితే అదుపు లేకుండ వదలమని నేననను. ఇంటికి నెలకు ఇరవై లీటర్లు హద్దు పెట్టవచ్చును. ఇరవైయొక్క ఏండ్లు నిండినవారికే అనుమతి ఉండవలెను. సీసా అమ్మినా, డబ్బుకు మారుగా ఇచ్చినా శిక్షించవలెను. బట్టీపెట్టి దించినవానికి ఇప్పటి శిక్ష యథాతథంగా ఉండవలెను. చేయదలచినవారు ఎక్సైజ్ కచేరిలో స్వల్ప రుసుముతో పేరు నమోదు చేసుకొనవలెను. మద్యనిషేధం నిజంగా అమలున్న రాష్ట్రాలకు ఈ సడలింపు వర్తించనక్కరలేదు. దీనివలన అధికారులకు ఒక మేలు కూడ ఉన్నది. ఇంటి గుండిగల వెంట పడనవసరం లేకపోతే, మిథైల్ ఆల్కహాలు పీపాలు ఏ గోదాము నుండి ఏ బట్టీకి పోతున్నవో చూడడానికి వారికి తీరిక చిక్కుతుంది. ప్రాణాలు పోతున్నది అక్కడ.

మరొక సంగతి. నిషేధం ఉన్నంతమాత్రాన ఈ సరదా ఆగదు, చాటుకు పోతుంది. చాటున చేసేవాడు పాళ్లు ఎవరినీ అడగలేడు, శుద్ధి గూర్చి తెలిసినవారితో చెప్పుకోలేడు. ఈస్టుకు ఇరవై డిగ్రీల ప్రాంతపు చల్లదనం కావాలి. బెంగుళూరు గదిలో అది ఏడాదిలో చాలాకాలం దొరకవచ్చును గాని, యానాం ఎండలో దొరకదు. ఈ మాట చెప్పేవారు లేక మనవాడొకడు పాడైనదానిని తాగి, పగిలిన సీసాతో చేయి కోసుకొని, పోలీసులకు భయపడి వైద్యుని వద్దకు కూడ పోకుండ ఉంటే ఆ పాపం ఎవరిది?

శాసనసభ్యులు, ఎక్సైజ్ అధికారులు ఈ భేదాన్ని గుర్తించి, చట్టాన్ని సవరించే ఆలోచన చేయవలెనని కోరుతున్నాను. ఆ పెద్దమనిషి కూడ ఒకసారి ఆలోచించవలెనని మనవి. మనిద్దరి శత్రువూ ఒకటే – మనిషిని చంపే కల్తీ, సంసారాన్ని చంపే బానిసత్వం. వాటిమీద కొట్టవలసిన దెబ్బను పక్కింటి గుండిగ మీద కొడితే గుండిగకు సొట్ట పడుతుంది గాని, శత్రువుకు దెబ్బ తగలదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బెంగుళూరు