తాగుడుకు వైద్యం ఊరి దగ్గరే అందాలి

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే పొద్దున్నే చేతులు వణుకుతాయి. టీ గ్లాసు నిలవదు. చెమటలు, నిద్రలేమి, అయినదానికీ కానిదానికీ కోపం. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఒట్టు వేయించుకుంటే చాలదు, డాక్టరు కావాలి. కానీ శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం వాసికి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 200 కిలోమీటర్లకు పైమాటే. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరగగలడు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణాల గురించి అంత పోరాడిన మనం తాగేవాడి వైద్యాన్ని ఇంటివాళ్లకే వదిలేశాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక రోజు మానసిక వైద్యుడు, కౌన్సెలర్ కూర్చోవాలి. మానినవాళ్లు నెలనెలా కలుసుకునే చోటుండాలి. కోపం తలకెక్కకముందే పక్కకు తప్పుకోవడం అక్కడ నేర్పాలి. దెబ్బలు తిన్న భార్యకు మాత్రం ముందు రక్షణ, ఆ తర్వాతే రాజీ మాటలు. 14446 వ్యసన విముక్తి సహాయవాణి నంబరు ప్రతి సచివాలయం గోడ మీదా రాయించాలి.