పాఠ్యపుస్తకంలో లేని పాఠం

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నారు మన పెద్దలు. పిల్లల పెంపకం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఈ సామెతను ఉదహరించడం ఉపాధ్యాయవర్గానికి పరిపాటి. మేమూ అనేక పర్యాయాలు ఉదహరించాము. కాని మొక్కను వంచే ముందు అది ఏ మొక్కో, ఎటు వంచుతున్నామో, అసలు వంచవలసిన అవసరం ఉన్నదో లేదో ఆలోచించవలసిన బాధ్యత వంచే చేతిదే. తాను ఆడపిల్లనన్న భావన, తాను మగపిల్లవాడినన్న భావన, వాటికి తగినదని మనం నిర్ణయించిన నడవడి పసితనంలో ఏ విధంగా అలవడుతున్నాయి? అందులో ఇంటి పాత్ర ఎంత, బడి పాత్ర ఎంత? ఈ విషయాన్ని మా విద్యార్థినీ విద్యార్థుల ముందు, పెద్దలైన కళాశాల కమిటీ సభ్యుల ముందు విచారణకు ఉంచదలచాము.

ఈ పాఠం బడికన్నా ముందు ఇంట్లోనే ఆరంభమవుతుంది. మన కొడవలూరులో ఉదయం బడిదారి పట్టిన పిల్లలను ఒక్కసారి గమనించండి. తమ్ముడు నిద్రలేచి, పెట్టినది తిని, సంచి తగిలించుకొని బయలుదేరుతాడు. అక్క వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, తమ్ముడికి తల దువ్వి, తల్లి వరినాట్లకు వెళ్లే రోజైతే అన్నం కూడా వండిపెట్టి బయలుదేరుతుంది. ఇద్దరూ ఒకే గంటకు తరగతిలో కూర్చుంటారు. కాని ఒకరు అప్పుడే రోజును మొదలుపెడుతున్నారు. మరొకరు సగం రోజు పని ముగించుకొని వచ్చారు. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అన్న ఒక్క మాటతో వాడి కన్నీటిని, "ఆడపిల్లవు, ఏమిటా నవ్వు?" అన్న ఒక్క మాటతో ఆమె నవ్వును మనం అణచివేస్తాము. మూడేళ్లు వచ్చేసరికే చాలామంది పిల్లలు తాము ఆడో మగో చెప్పగలరని మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. ఆ పేరుతోపాటు దానికి తగిన నడక, గొంతు, పని, భయం కూడా వారికి అప్పటినుంచే అందుతూ ఉంటాయి.

మా వృత్తి భాషాబోధన గనుక మాకు మరొక విషయం స్ఫురిస్తుంది. మన కళాశాల ఆవరణలో రెండు భాషలు వినిపిస్తాయి. తెలుగులో "నేను వస్తాను" అని అన్నా అంటాడు, చెల్లెలూ అంటుంది. తనను గురించి తాను చెప్పుకొనేటప్పుడు మన క్రియకు ఆడ, మగ భేదం లేదు. బడిలో నేర్పే ఉర్దూలో అయితే అబ్బాయి "మై ఆతా హూఁ" అనవలె, అమ్మాయి "మై ఆతీ హూఁ" అనవలె. 'నేను' అంటూ నోరు విప్పిన తొలి వాక్యంలోనే ఆ పసివాడు తాను ఎవరో తేల్చి చెప్పవలసి ఉంటుంది. అక్కచెల్లెళ్ల నడుమ పెరిగిన బాలుడు వారి మాటే పలికి నవ్వులపాలు కావడం మేము ఎరుగుదుము.

అంతమాత్రాన తెలుగు ఈ విషయంలో నిర్దోషి అనుకోరాదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను ఒక ప్రక్కకు నెట్టి, తక్కినవారిని 'మహత్తులు' అన్నది. నేటికీ మనం "నాన్న వచ్చాడు" అంటాము. అమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఆవు వచ్చింది", "బస్సు వచ్చింది" అన్నట్లే "అమ్మ వచ్చింది" అంటాము. గౌరవవాచకం చేరిస్తే తప్ప ఏకవచనంలో స్త్రీకి మనుషుల వరుసలో చోటు లేదు. బహువచనంలోకి వెళ్లినప్పుడు మాత్రమే "ఆడవాళ్లు వచ్చారు" అంటూ ఆమెకు ఆ స్థానం దక్కుతుంది. వ్యాకరణమే మనిషిని తయారుచేస్తుందని మా వాదన కాదు. అక్షరం దిద్దకముందే ఈ విభజన పసి చెవిలో పడుతున్నదని మాత్రమే మనవి.

ఇక పుస్తకాల మాట. 1869లో నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' వెలువరించారు. ఉర్దూలో తొలి నవలగా పేరొందిన ఆ గ్రంథం వారి కుమార్తెల చదువు కోసం పుట్టింది. ప్రభుత్వ బహుమానం పొందింది. బాలికలకు పాఠ్యగ్రంథం అయింది. అందులో అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్లున్నారు. అక్బరీ పెంకితనంతో సంసారాన్ని పాడుచేసుకుంటుంది. చదువూ నేర్పూ గల అస్గరీ అత్తవారింటిని చక్కదిద్ది, ఆడపిల్లలకు ఇంట్లోనే బడి నడుపుతుంది. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికలకు పాఠశాల స్థాపించారు. తరువాత స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రికను నడిపారు. 'సత్యవతీ చరిత్రము' రచించారు. అక్కడా చదువుకున్న ఇల్లాలు ఇంటిని దిద్దుకొనే కథే.

ఈ మహనీయుల ఋణం తీరేది కాదు. ఆడపిల్ల చేతికి పలక ఇవ్వడమే సాహసమైన రోజులవి. కాని ఆ పలకమీద మొదటినుంచీ ఒక షరతు రాసి ఉన్నది: మంచి ఇల్లాలివి కావడానికి చదువుకో అని. మగపిల్లవాడి పుస్తకంలో మంచి భర్తవు కావడానికి చదువుకో అన్న పాఠం మాకు ఎక్కడా కనిపించలేదు. వాడికి చదువు ఉద్యోగం కోసం, లోకం కోసం. ఆమెకు ఇంటి కోసం. ఆ షరతును మనం పుస్తకంలో నుంచి చాలావరకు తుడిచివేశాము. ఆచరణలో తుడిచివేశామా అన్నది ప్రశ్న. తరగతి గది ఊడ్వడానికి ఆడపిల్లలను, అంగడికి పంపడానికి మగపిల్లలను పిలిచే అలవాటు ఎన్ని బడులలో పోయింది?

ఇక్కడ మా బాల్యానుభవం ఒకటి చెప్పక తప్పదు. మేము ఏడవ తరగతి చదివే రోజులలో మాతో ఒక సహాధ్యాయి ఉండేవాడు. సన్నని గొంతు, మెత్తని నడక. లెక్కలలో తరగతికంతా ప్రథముడు. ఒక ఉపాధ్యాయుడు అతన్ని ఆడపిల్ల పేరు పెట్టి పిలిచేవారు. ఒకనాడు ఏదో చిన్న తప్పుకు శిక్షగా ఆడపిల్లల బెంచీమీద కూర్చోబెట్టారు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. ఆ శిక్ష వారం రోజులు సాగింది. ఆ తరువాత అతడు బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ విచారించలేదు. హాజరు పట్టీలో పేరు కొట్టివేశారు.

ఆ బెంచీ ఒకే సమయంలో రెండు పాఠాలు నేర్పిందని మాకు చాలా ఏళ్ల తరువాత గాని బోధపడలేదు. నీవు నీలాగా ఉండడమే నేరమని ఆ బాలుడికి నేర్పింది. అదివరకే ఆ బెంచీమీద కూర్చున్న నలుగురు ఆడపిల్లలకు, మీరు రోజూ కూర్చునే చోటు మగపిల్లవాడికి శిక్షాస్థలం అని నేర్పింది. ఆడతనం అవమానమని చెప్పకుండా మగపిల్లవాణ్ణి ఆ పేరుతో అవమానించడం సాధ్యం కాదు. ఈ రెండు అన్యాయాలకూ వేరు ఒక్కటే.

అదే సమాజం రంగస్థలంమీద ఏమి చేసిందో చూడండి. కూచిపూడి భాగవతులు తమ మగపిల్లలకు పసితనంనుంచే స్త్రీ నడక, స్త్రీ చూపు, స్త్రీ అలుక నేర్పించారు. 1935లో ఆ గ్రామంలో జన్మించిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ వేసుకొని రంగంమీదికి వస్తే ఆంధ్రదేశం నీరాజనాలు పట్టింది. 1970లో ప్రభుత్వం వారిని పద్మశ్రీతో గౌరవించింది. అంతకుముందే, బాపట్ల సీమకు చెందిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలతోనే యశస్సు గడించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడి దేహంలో స్త్రీ హొయలు చూసి టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టిన చేతులే, ఆ హొయలు తరగతి గదిలో కనబడితే రాయి విసిరాయి. అట్లని ఆ రంగస్థలాన్నీ ఆదర్శమనలేము. స్త్రీ పాత్రను మగవాడు ధరించిన అన్నాళ్లూ స్త్రీకి ఆ వేదికమీద చోటు లేకపోయింది.

"అదుపు చేయకపోతే మగపిల్లలు ఆడంగులు అయిపోరా? స్వేచ్ఛ ఇస్తే ఆడపిల్లలు మగరాయుళ్లు కారా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఈ భయాన్ని మేము పరిహసించము. కాని దీనికి సమాధానం అనుభవంలో ఉన్నది. జీవితమంతా స్త్రీ వేషం కట్టినా స్థానంవారూ, సత్యనారాయణ శర్మగారూ వేషం తీసిన తరువాత పురుషులుగానే జీవించారు. శిక్షణ నడకను మార్చింది, మనిషిని మార్చలేదు. దీనికి విపర్యయంగా కెనడా దేశంలో ఒక విషాదం జరిగింది. 1965లో జన్మించిన డేవిడ్ రైమర్ అనే శిశువుకు శస్త్రచికిత్సలో ప్రమాదం సంభవించగా, పెంపకంతో ఎవరినైనా ఆడపిల్లగా మార్చవచ్చునని నమ్మిన నిపుణుని సలహామీద ఆ మగశిశువును ఆడపిల్లగా పెంచారు. గౌన్లు, బొమ్మలు, పేరు అన్నీ మార్చారు. పద్నాలుగేళ్ల వయసులో నిజం తెలిసినప్పుడు ఆ బిడ్డ తాను మగవాడినేనని నిశ్చయించుకొని అట్లే జీవించాడు. కాని ఆ బాల్యం మిగిల్చిన గాయాలు ఎన్నడూ పూర్తిగా మానలేదు. 2004లో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

దీనినిబట్టి మాకు తోచినది ఇది. తాను ఎవరన్న లోతైన ఎరుకను బడి నాటలేదు, పెరికివేయనూ లేదు. బడి చేయగలిగినదల్లా ఆ ఎరుకను ధైర్యంగా పైకి చూపనివ్వడం, లేదా దానిమీద సిగ్గు ముద్ర వేయడం. సిగ్గుపడిన పిల్లవాడు మారడు, బడి మానేస్తాడు. సిగ్గుపడిన ఆడపిల్ల తెలివి తగ్గిపోదు. చేయి ఎత్తడం మానేస్తుంది.

మంచి పాఠం చేయగల మేలుకు నిదర్శనం కోసం దూరం పోనక్కరలేదు. తనకు బడిచదువు దక్కకుండా బాల్యంలోనే వివాహమైన పొణకా కనకమ్మగారు స్వయంకృషితో విద్వత్తు గడించి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం నెలకొల్పారు. 1991లో ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు రాత్రి బడులలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా అంగడి మూయించిన ఊరి ఆడవారి కథ అది. దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వారిలో దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1992లో ఉద్యమం ఊరూరికీ ప్రాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిన మాట నిజమే. కాని పొలంలో తప్ప నలుగురిలో నోరెత్తడం ఎరుగని స్త్రీలు అధికారుల ఎదుట నిలిచి మాట్లాడిన సంగతి సడలిపోలేదు. ఏకవచనంలో వ్యాకరణం ఇవ్వని గౌరవాన్ని వారు బహువచనంలో సంపాదించుకున్నారు. ఒక పాఠం ఆడపిల్లను అణచగలిగితే, మరొక పాఠం ఆమెను లేపి నిలబెట్టగలదు.

చట్టం కూడా మనకన్నా ముందు నడిచింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలపై శారీరక దండననే కాక మానసిక వేధింపును సైతం నిషేధించింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగంగా గుర్తించి, రాజ్యాంగ హక్కులన్నీ వారికీ వర్తిస్తాయని తీర్పు చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం విద్యాలయాలలో వారిపట్ల వివక్ష కూడదన్నది. కాని వెక్కిరింతను ఆపేది న్యాయస్థానం కాదు. తరగతిలో ఉన్న ఉపాధ్యాయుడు.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపాలు స్వల్పమే. ఏ విద్యార్థినైనా నడకను, గొంతును, దుస్తులను ఎత్తి ఎగతాళి చేయడం మన ప్రాంగణంలో తప్పుగా పరిగణింపబడవలె. ఆ నియమం మొదట అధ్యాపకులమైన మాకు వర్తించవలె. వార్షికోత్సవం నాడు పన్నీరు చల్లే పని ప్రతి ఏడూ విద్యార్థినులదే, మైకు పట్టే పని విద్యార్థులదే అవుతున్నది. వచ్చే ఏడు రెండు పనులూ ఇరువురికీ పంచవలె. విద్యార్థినుల మరుగుదొడ్లకు గడియ, నీరు ఎల్లవేళలా ఉండవలె. అవి లేక బడి మానుకున్న ఆడపిల్లలు మన ఊళ్లలో తక్కువమంది కారు. బాధ చెప్పుకోదలచిన పిల్లలు నిర్భయంగా తట్టగల తలుపు ఒకటైనా మన కళాశాలలో ఉండవలె.

విద్యార్థులారా, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. మా పాత సహాధ్యాయి రెండేళ్ల క్రితం నెల్లూరులో ఒక మగ్గం పని దుకాణంలో కనిపించాడు. పెండ్లి రవికమీద జరీ కుడుతున్నాడు. చూడగానే గుర్తుపట్టాడు. "నువ్వు కాలేజీలో సారు అయినావంట, సంతోషం" అన్నాడు. కాసేపటికి, "మన క్లాసులో లెక్కల్లో ఫస్టు ఎవరో గుర్తుండాదా?" అని అడిగాడు. గుర్తున్నదని చెప్పాము. అతడు తల వంచి మళ్లీ సూది అందుకున్నాడు. ఆనాడు మేమూ నవ్వామన్న మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఇప్పుడు ఈ సంచికలో చెబుతున్నాము.

మొక్కను వంచవచ్చు. విరిచివేసి, వంగలేదని దాన్నే నిందించరాదు.