అతిథి విస్తరిలో లేనిది

సెలవులకు ఊరు విడిచి వెళ్ళేవారు చూడవలసిన స్థలాల పట్టిక వ్రాసుకొని వెళతారు. తిరిగి వచ్చిన తరువాత మాత్రం మొదట చెప్పేది తిన్నదానిని గురించే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కన్ను మరచినదానిని నాలుక మరువదు.

గత వేసవిలో నేనూ నా భార్యా విశాఖ సాగరతీరాన ఒక పెద్ద హోటలులో మూడు రోజులు విడిది చేసినాము. ఉదయపు ఫలాహారానికే నలభై రకాలు అమర్చినారు. ఫ్రెంచివారి రొట్టెలు, ఇటలీవారి జున్ను, సముద్రాల ఆవలి పండ్లు. మర్యాదకు లోటు లేదు. అయినా మూడవ నాటికి నోరు చప్పబడినది. వడ్డన చేసే కుర్రవానిని, "నాయనా, మీరేమి తింటారు?" అని అడిగినాను. అతడు తటపటాయించి, "మాకు వెనుక వేరే వండుతారండీ. ఇవాళ చింతచిగురు పప్పు, ఊరమిరపకాయలు. అది స్టాఫు భోజనమండీ, తమరికి పెట్టేది కాదు" అన్నాడు. బతిమాలి తెప్పించుకున్నాము. ఆ మూడు రోజులలో తిన్నవాటిలో నేటికీ జ్ఞాపకమున్నది అదొక్కటే.

రుచి మాట అటుంచి, ఆ కుర్రవాని సంకోచమే నన్ను బాధించినది. తన ఇంటి వంట అతిథికి తగదని అతనికి ఎవరు నేర్పినారు?

ఈ పాఠం పాతదే. 1890లో లండను సవాయ్ హోటలు వంటశాలను ఎస్కోఫియే చేపట్టినాడు. ఆయన ఒరవడి వ్యాపించిన కొద్దీ, ఏ దేశపు పెద్ద హోటలుకైనా ఫ్రెంచి వంటే గౌరవచిహ్నమైనది. ఫ్రెంచివారు తమ వంటను తాము గౌరవించుకున్నారు. మనము వారి వంటను గౌరవించడం నేర్చినాము గాని, వారి ఆత్మగౌరవాన్ని నేర్వలేదు.

నానా దేశాల అతిథులకు అలవాటైన ఆహారం ఉండవలదా అని హోటలువారు అడుగవచ్చును. ఉండవలసినదే, పసిపిల్లలకు, అస్వస్థులకు అది అవసరం కూడా. కాని నలభై రకాలలో నాలుగైనా ఆ నేలవి కావలదా? వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా సౌధం 2010లో హోటలైనది. నూటొక్క మంది కూర్చునే బల్ల ఉన్న ఆ భవనంలో హైదరాబాదీ వంటకాలు వడ్డిస్తారు. దానివల్ల దాని వైభవానికి కొరత రాలేదు. హైదరాబాదు హలీముకు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. చట్టం గుర్తించిన రుచులను మన హోటళ్ళు గుర్తించకపోవడం వింత కాదా?

ఎక్కడికి వెళ్ళినా ఒకే భోజనం దొరికేటట్లయితే ప్రయాణమెందుకు? ఆనాడు ఖాళీ గిన్నె తీసుకుపోతూ ఆ కుర్రవాడు, "మా అమ్మ ఇంతకంటె బాగా వండుతుందండీ" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతనిలో సంకోచం లేదు. ఆ ధైర్యం మన హోటళ్ళ యజమానులకు కూడా కలుగవలెను.