చీపుర్ల ఆదివారం

విభజిత నగరం అనగానే అందరికీ బెర్లినే గుర్తొస్తుంది. గోడ ముక్కలు అమ్మే దుకాణాలూ అక్కడే ఉన్నాయి మరి. వెనిస్ దాకా వెళ్లినవాళ్లు ఒక రోజు మిగుల్చుకుని తూర్పు వైపు రైలెక్కితే, సుమారు రెండు గంటల్లో గొరీత్సియాలో దిగుతారు. ఊరు దాటి నడిస్తే ట్రాన్సల్పీనా కూడలి వస్తుంది. దాని మధ్యలో నేలమీద గుండ్రటి ఫలకం ఉంటుంది. ఇటు ఇటలీ, అటు స్లొవేనియా. వచ్చినవాళ్లంతా ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఫొటో దిగి వెళ్లిపోతారు. అంత త్వరపడితే ఈ ఊరు అర్థం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో కుదిరిన పారిస్ ఒప్పందం పాత ఊరిని ఇటలీకి ఇచ్చింది. తూర్పు శివార్లు, 1906 నాటి రైల్వే స్టేషన్ యుగోస్లావియాకు పోయాయి; స్లొవేనియా అప్పట్లో అందులోనే ఉండేది. గీత పొలాల మీదుగా, పెరళ్ల మీదుగా సాగింది. పక్కనున్న మీరెన్ గ్రామంలో ఏకంగా శ్మశానం మీదుగా పోయింది. చచ్చినవాళ్లకూ రెండు దేశాలు పంచారు! దాన్ని సరిచేయడానికి 1975 దాకా పట్టింది.

అసలు ఊరు అవతలే ఉండిపోవడంతో యుగోస్లావియా 1948లో ఖాళీ నేల మీద నోవా గొరీత్సా, అంటే కొత్త గొరీత్సా, కట్టడం మొదలుపెట్టింది. దానికి నమూనా గీసిన ఎడ్వర్డ్ రావ్నికార్ 1939లో పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. అదే 1947లో లాహోర్ సరిహద్దు అవతలికి పోయాక మన పంజాబ్ కోసం చండీగఢ్‌ను తీర్చిదిద్దింది ఆ లె కార్బూజియేనే. విభజనలో నగరం పోగొట్టుకుని కొత్తది కట్టుకోవడం ఎంత పనో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఈ ఊరి చరిత్రలో నాయకుల సంతకాల కన్నా చీపుర్లదే పెద్ద కథ. 1950 ఆగస్టు 13, ఆదివారం. అటువైపు నుంచి వేలమంది జనం కాపలావాళ్లను తోసుకుని పాత ఊరిలోకి వచ్చేశారు. బంధువులను చూశారు, దుకాణాల మీద పడ్డారు. తమ దగ్గర దొరకని సరుకుల్లో ఎక్కువమంది కొన్నవి చీపుర్లు. అవి పట్టుకుని మళ్లీ ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ రోజుకు చీపుర్ల ఆదివారం అనే పేరు నిలిచిపోయింది. సరిగ్గా పదకొండేళ్ల తర్వాత, అదే ఆగస్టు 13న, మళ్లీ ఆదివారమే, బెర్లిన్‌లో ముళ్లకంచె వేయడం మొదలైంది.

ఇక్కడ గీత క్రమంగా మెత్తబడింది. సరిహద్దువాసులకు పాసులు వచ్చాయి. అటువాళ్లు కాఫీకి, జీన్సుకి ఇటు వచ్చేవారు. ఇటువాళ్లు మాంసానికి, పెట్రోలుకి అటు వెళ్లేవారు. అధికారులకు చెప్పకుండా దాటించిన సరుకూ తక్కువేం కాదు. ఒక పాత తనిఖీ కేంద్రంలో ఇప్పుడు దొంగరవాణా మ్యూజియం నడుస్తోంది. గీతను చెరిపిన ఘనత ఐరోపా సమాఖ్య తీసుకుంటుంది కానీ, సగం పని ఈ సంచులవాళ్లు ముందే చేశారు.

2004లో కూడలిలో కంచె తీశారు. 2007లో తనిఖీలు పోయాయి. అలాగని రెండు ఊళ్లూ ఒకటైపోలేదు. పాత ఊళ్లో కోట, చర్చీలు, ఇరుకు సందులు. కొత్త ఊళ్లో వెడల్పాటి వీధులు, అపార్ట్‌మెంట్లు, ఇటలీవాళ్లు జూదానికి వచ్చే కేసినోలు. ఒకటి కావాలని పట్టుబట్టకపోవడమే వాటికి మేలు చేసిందనిపిస్తుంది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడలి మధ్యలో మళ్లీ కంచె లేచింది. స్నేహితులు చెరోపక్క నిలబడి మాట్లాడుకున్నారు. కొన్ని నెలలకే తీసేశారు. 2025లో రెండు ఊళ్లూ కలిసి ఐరోపా సాంస్కృతిక రాజధాని అయ్యాయి. అంతకుముందే, 2023 అక్టోబరులో, ఇటలీ ఈ సరిహద్దులో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి ఆ ఫలకం మీద ఫొటో దిగడానికి వెళ్లేవారు పాస్‌పోర్టు హోటల్ గదిలో వదిలేయకపోవడం మంచిది.