షుగరు చీటీలో నోటికీ ఒక గడి కావాలి

షుగరు పరీక్షకు వచ్చినవారి పాదాలు చూస్తాము, బి.పి. రాస్తాము, కళ్ల డాక్టరు దగ్గరకు పంపిస్తాము. నోరు తెరవమని మాత్రం అరుదుగా అడుగుతాము. ఇది నర్సులమైన మా లోపమేనని ముందుగా ఒప్పుకుంటున్నాము.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిగుళ్లు క్రిములకు తట్టుకోలేవు. వాస్తాయి, చీము పడుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అంతటితో ఆగదు. ఆ వాపు వల్ల పుట్టే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. మాత్రలు వేసుకుంటున్నా షుగరు దిగదు. "తీపి ముట్టలేదమ్మా" అని పెద్దవాళ్లు చెబుతుంటే నమ్మక మేము కోప్పడిన రోజులున్నాయి. వాళ్లలో కొందరి చిగుళ్లు చూసి ఉంటే అలా మాట్లాడేవాళ్లం కాదేమో!

కళ్లు, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు, మానని పుండ్లు, వీటి తరువాత చిగుళ్ల జబ్బును షుగరు వల్ల వచ్చే ఆరో కీడుగా 1993లోనే లెక్కించారు. 2022లో కాక్రేన్ సంస్థవారు 35 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. చిగుళ్ల కింది గార తీయించుకున్న షుగరు రోగులకు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 తగ్గింది. అంటే 9 ఉన్నవారికి ఇంచుమించు 8.6. మందులకు ఇది బదులు కాదు, తోడు.

మన అనంతపురం వైపు ఇంకో చిక్కుంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పుడే పండ్లపై పడిన ఆ గోధుమరంగు మచ్చలను గార అనుకుని ఇటుకపొడితో, బొగ్గుతో రుద్దుతారు. మచ్చ పోదు, పన్ను అరిగి చిగురు దిగిపోతుంది. అసలు గార చిగురు అంచున గట్టిగా పేరుకుంటుంది. దాన్ని పండ్ల డాక్టరు తీయవలసిందే. తీయిస్తే పండ్లు వదులవుతాయన్న మాట ప్రతి ఊళ్లోనూ వింటాము. ఎముక కరిగి అవి అప్పటికే వదులై ఉంటాయి. ఇన్నాళ్లూ గారే వాటిని పట్టి ఉంచినట్టు అనిపిస్తుంది, అంతే. రక్తం వస్తోందని తోముకోవడం మానేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. బీడీ, పొగాకు అలవాటున్నవారికి మరీ త్వరగా.

షుగరు చీటీలో పాదాల గడి పక్కనే నోటి గడి ఉండాలని మా అభిప్రాయం. రెండు నిమిషాల పని, ఒక టార్చిలైటు చాలు. ఈసారి వచ్చినప్పుడు మేము మరచిపోతే మీరే "సిస్టర్, చిగుళ్లు చూడండి" అని అడగండి. కట్టుడు పండ్లున్నవారు తీసి చూపించాలి. సిగ్గుపడనక్కరలేదు, మాలోనూ కొందరికి ఉన్నాయి.