కంప్యూటరు మందగించుట – తెలుగుపై నింద

వేసవి సెలవుల అనంతరము పాఠశాల తెరచిన నాటినుండి విద్యార్థుల తల్లిదండ్రులు పలువురు మాతో ఒకే మొర చెప్పుకొనుచున్నారు. ఇంటనున్న కంప్యూటరులో పాత ఆపరేటింగ్ సిస్టమును తీసి క్రొత్తది వేయించినారు. అది మొదలు మీట నొక్కిన పావుగంటకు గాని యంత్రము మేల్కొనుట లేదు. ఒక పుట తెరచులోపల కాఫీ కాచుకొని త్రాగి రావచ్చునట. ఇట్టి మొర కోవిల్పట్టిలోనేగాక లోకమంతట ఉన్నదే గనుక, దానిని గూర్చి మేము ప్రత్యేకముగ కలము పట్టవలసిన పని లేకుండెడిది. కాని విరుదునగరము నుండి వచ్చిన ఒక తండ్రిగారు చెప్పిన మాట మమ్ము ఊరకుండనీయలేదు.

ఆయన కంప్యూటరును బాగుచేయించుటకు ఒక దుకాణమునకు తీసికొనిపోయినారు. అచ్చటి పనివాడు యంత్రమును తెరచి చూచి, ఇందులో తమిళమున్నది, ఇంగ్లీషున్నది, ఆ పైన తెలుగు కూడ నేల, ఇన్ని భాషలు మోయుచు ఇది ఎట్లు నడచును అని, తెలుగును తీసివేసినాడు. తండ్రిగారు నిజమే కాబోలుననుకొనిరి. యంత్రము మాత్రము ముందటి వలెనే నత్తనడక నడచుచున్నది. ఆ ఇంటి బాలిక మా పత్రికకు పంపిన వ్యాసము తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి మా చేతికి వచ్చినది. తొమ్మిదవ తరగతి చదువు పిల్ల. దస్తూరి ముత్యములవలె నుండును.

ఈ నిందను మేము ఖండింపదలచినాము. కంప్యూటరులో తెలుగు అనగా రెండే వస్తువులు. ఒకటి అక్షరరూపములను తెరపై చూపు ఖతి. రెండవది ఏ మీటకు ఏ అక్షరమో తెలుపు చిన్న పట్టిక. తెలుగు ఖతి ఒక్కటి సాధారణముగ ఒక ఎంబీకి మించదు. మన పిల్లలు సెల్‌ఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమే మూడు నాలుగు ఎంబీలుండును. పెండ్లిలో తీసిన వేయి చిత్రములు బరువు కాలేదు, అమ్మ పలుకు అక్షరములు బరువైనవట! 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఖతి వచ్చినది. ఆ వ్యవస్థకు కనీసము కావలసిన ర్యామ్ 64 ఎంబీలు మాత్రమే. అంతటి చిన్న యంత్రముపై నడచిన తెలుగు నేటి యంత్రమును కుంటువడజేసినదనిన ఎవరు నమ్ముదురు?

ఈ సందర్భమున మరొక సంగతి. ప్రపంచ భాషల అక్షరములన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడు అను ప్రమాణము 1991లో మొదట ప్రకటింపబడినది. అందు తమిళమునకు 128 స్థానములు, తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. తమిళ వీథి ముగిసిన చోటనే, నడుమ ఒక్క గది విడువకుండ, తెలుగు వీథి మొదలగును. మన కరిసల్ సీమ పల్లెలను చూచి కట్టినట్లే యున్నది! కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు మాటలాడుచు, తమిళమున రచనలు చేసి, 1991లోనే సాహిత్య అకాడమీ బహుమానమందిరి. వారి తలలో రెండు భాషలు ఒకదానికొకటి అడ్డు రాలేదు. పిల్లవానికి ఇంటి భాష బరువగుననియు, దానిని విడిచిన చదువు వేగముగ సాగుననియు చెప్పువారిని మనము చిరకాలముగ ఎరుగుదుము. ఆ మాటయే ఇప్పుడు యంత్రము మీదుగా మన ఇంటికి వచ్చినది.

మరి బరువెచ్చట నున్నది? వ్యవస్థలోనే యున్నది. ఎక్స్‌పీకి 64 ఎంబీలు చాలెను. విండోస్ 7కు కనీసము ఒక జీబీ కావలసి వచ్చెను. 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11కు కనీసము 4 జీబీల ర్యామ్, 64 జీబీల నిలువ స్థలము కావలెనని నిర్మాతలే ప్రకటించిరి. అనగా ఇరువది సంవత్సరములలో ర్యామ్ అవసరము అరువదినాలుగు రెట్లయినది. ఈ కనీసమనునది కూడ యంత్రము కన్ను తెరచుటకే గాని పరుగెత్తుటకు కాదు.

విరుదునగరములోని పప్పుల మండీని చూడుడు. గుమాస్తా ముందు ఒక బల్ల, వెనుక గోదాము. బల్ల విశాలమైనచో పది నమూనాలు, పది చిట్టాలు ఎదుట పరచుకొని చకచక పని చేయును. బల్ల చిన్నదైనచో ఒక చిట్టా తీయుటకు మరొకటి గోదాములో పెట్టి రావలెను. దినమంతయు తిరుగుటతోనే సరి. ర్యామ్ అనునది ఆ బల్ల. హార్డ్ డిస్క్ ఆ గోదాము. క్రొత్త వ్యవస్థ వచ్చి బల్లలో ముప్పాతిక భాగము తానే ఆక్రమించును. ఇక మనము తెరచు ప్రతి పనికి యంత్రము గోదామునకు పరుగెత్తుచుండును. ఆ గోదామైన త్వరగా వస్తువునిచ్చునా? పాత ల్యాప్‌టాపులలో పెక్కింటి హార్డ్ డిస్క్ నిమిషమునకు 5400 మారులు తిరుగు పళ్ళెము. దానిపై ఒక సూది కదలి, కావలసిన చోటు వెదకి చదువవలెను. ఒక్కొక్క వెదకులాటకు సెకనులో నూరవ వంతు, అంతకు పైన పట్టును. వినుటకు స్వల్పమే గాని, యంత్రము మేల్కొనునపుడు ఇట్టి వెదకులాటలు వేలకొలది. ఎస్‌ఎస్‌డీ అను నిలువ సాధనములో తిరుగు పళ్ళెము లేదు, సూది లేదు. మేము చూచినంతలో మన ఇళ్ళలోని యంత్రముల వ్యాధి చాలవరకు ఇదియే. హార్డ్ డిస్క్ స్థానమున ఎస్‌ఎస్‌డీ, వీలైనచో మరి కొంత ర్యామ్ వేయించుట క్రొత్త యంత్రము వెలలో చిన్న భాగముతో ముగియును.

ఆ కొద్ది వ్యయమునకు ముందు ఓర్పు వహింపవలెను. వ్యవస్థ మార్చిన తరువాత తొలి రెండు దినములు యంత్రము తెర వెనుక ఫైళ్ళకు సూచిక వ్రాసికొనుచు, మిగిలిన నవీకరణములు దింపుకొనుచు ఉండును. ఆ దినములలో దానిని నిందించుట న్యాయము కాదు. అటుపిమ్మట మీట నొక్కగనే పిలువకుండ లేచు ప్రోగ్రాములను ఆపవలెను. నిలువ స్థలము నిండినదేమో చూడవలెను. మన ఊళ్ళ దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. గాలిపంకా పూడిపోయినచో లోపల వేడి పెరిగి, ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. ఇవన్నియు పదవ తరగతి పిల్లలు తామే చేయదగిన పనులు.

క్రొత్తవి కొనిపించుటకే కంపెనీలు పాతవానిని కావలెనని మందగింపజేయుచున్నవని కొందరు తల్లిదండ్రులు మాతో వాదించిరి. ఈ అనుమానము పూర్తిగా నిరాధారము కాదు. 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, బ్యాటరీ పాతబడిన ఐఫోనుల వేగమును తన నవీకరణము తగ్గించుచున్నదని ఒప్పుకొనవలసి వచ్చెను. హఠాత్తుగ ఆరిపోకుండుటకే అట్లు చేసితిమని చెప్పి, క్షమాపణ కోరి, బ్యాటరీ మార్పు వెలను 79 డాలర్లనుండి 29కి తగ్గించెను. వాడుకరులకు ముందుగా తెలుపనందుకు ఫ్రాన్సు ప్రభుత్వ విభాగము 2020లో ఆ సంస్థకు 250 లక్షల యూరోల జరిమానా వేసెను. కాని అదే సంస్థ ఫోనులను 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమొకటి పడగొట్టిన కథ కూడ స్మరింపదగినది. 'జ్ఞా' అను అక్షరము ఒక విశేష రూపమున సందేశములో వచ్చినచో ఆ ప్రోగ్రాము స్తంభించిపోయెడిది. జ్ఞానములోని జ్ఞాయే! ఆ దోషమును సరిదిద్దినది కొలది దినములలో వచ్చిన నవీకరణమే. కనుక నవీకరణము మనకు శత్రువని తీర్మానించుటకు మేము సిద్ధముగ లేము.

పాత వ్యవస్థనే పట్టుకొని వ్రేలాడుట క్షేమము కూడ కాదు. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమునందలి కంప్యూటర్లలో ఫైళ్ళను బంధించి ధనమడిగెను. ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు సైతము దాని వాత పడినవి. ఆ లోపమునకు మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, వెలువడియుండెను. వేసికొననివారు నష్టపోయిరి. విండోస్ 10కు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విద్యాసంస్థలు కోరినచో ఒక్కొక్క యంత్రమునకు మొదటి సంవత్సరము 1 డాలరు, రెండవ సంవత్సరము 2, మూడవ సంవత్సరము 4 డాలర్ల రుసుముతో రక్షణ పొడిగింపు పొందవచ్చునని ఆ సంస్థ ప్రకటించినది. తల్లిదండ్రుల సంఘములు ఈ విషయమును గుర్తించి, క్రొత్త యంత్రములకై చందాలు ప్రోగుచేయుటకు ముందు లెక్క వేసికొనవలెనని మా మనవి.

మరొక మార్గము కలదు. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య చిరకాలముగ లినక్సు మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైననే సాగుచున్నది. మన సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ అను లినక్సు వ్యవస్థ భారతీయ భాషలకు ప్రత్యేకముగ ఏర్పడినది. తమిళనాడు ప్రభుత్వము 2011 సెప్టెంబరులో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాపుల పథకమున అన్నలు, అక్కలు పొందిన యంత్రములు కొన్ని ఇళ్ళలో అటకెక్కియున్నవి. తేలికయైన లినక్సు వేసి చూచినచో చెల్లెలికి తెలుగు వ్రాసికొనుటకైనను అవి పనికివచ్చునేమో. అటక మీద ఎలుకలకన్న చెల్లెలు మేలు గదా!

ఇక మన భాషకు సంబంధించిన జాగ్రత్తలు. విండోస్ 10 నుండి గౌతమి, వాణి అను ఖతులు ప్రతి యంత్రమునను సహజముగ ఉండవు. ఐచ్ఛిక సౌకర్యముల క్రింద అడిగి చేర్చుకొనవలెను. నిర్మల అను ఖతి ఉండును గనుక తెలుగు చదువుటకు ఆటంకము లేదు. కీబోర్డును భాషల అమరికలో తిరిగి చేర్చుకొనవలెను. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తమిళ 'క'కు, తెలుగు 'క'కు మీట ఒక్కటే. ఒకటి నేర్చిన వ్రేళ్ళకు రెండవది సగము వచ్చినట్లే. యూనికోడు కాని పాత అచ్చు ఖతులలో వ్రాసిన ఫైళ్ళు మాత్రము, ఆ ఖతి పోయిన మరుక్షణమే అర్థము లేని గుర్తుల కుప్పలగును. మా పత్రిక పాత సంచికలు కొన్ని అట్లే పోయినవి. వానిని కాగితపు ప్రతులు చూచి మరల వ్రాయించుచున్నాము.

వ్యవస్థ మార్పించు తల్లిదండ్రులు ముందు ఫైళ్ళను వేరొక చోట భద్రపరుపవలెను. డిస్కును తుడిచి క్రొత్తగా వేయుదురా, పాతదానిపైననే నవీకరింతురా అని దుకాణమున అడుగవలెను. నవీకరించినచో నచ్చనియెడల పది దినములలోపల పాత వ్యవస్థకు తిరిగి పోవచ్చును. తుడిచినచో ఆ దారి మూసికొనును. పబ్లిక్ పరీక్షల ముందు ఈ పని తలపెట్టరాదు. ఎవరైనను తెలుగు తీసివేయుదుమనినచో, దాని పరిమాణమెంతయో చూపుమని మర్యాదగ అడుగుడు.

విరుదునగరపు తండ్రిగారు మా మాట విని గత మాసమున ఎస్‌ఎస్‌డీ వేయించిరి. తెలుగును మరల చేర్పించిరి. బాలిక తన వ్యాసమును తెలుగు లిపిలో తిరిగి పంపినది. దానిని ఈ సంచికలోనే ప్రకటించుచున్నాము. వచ్చు సంచికకు రచనలు పంపు విద్యార్థులు యూనికోడు తెలుగులో పంపవలెను. ఇంట వీలులేనివారు శనివారము మధ్యాహ్నము పాఠశాల కంప్యూటరు గదికి వచ్చి వ్రాసికొనవచ్చును.