ప్లేఆఫ్ చేరిన అత్యంత బలహీన జట్టు ఏది? సభా తీర్మానం

విషయం: అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ చరిత్రలో ప్లేఆఫ్ చేరిన జట్లలో అత్యంత బలహీనమైనదాన్ని నిర్ణయించడం, అందుకు వాడవలసిన కొలమానాన్ని స్థిరపరచడం, సొంత మైదానం నియమంపై లీగ్ జట్ల యజమానులకు విన్నవించడం.

అమెరికాలో స్థిరపడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆటను ఏళ్ల తరబడి చూస్తూ వస్తున్న తెలుగువారమైన మేము సమావేశమై, సభ్యులు ముందుంచిన లెక్కలను, వాదాలను విని, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించాం.

ఈ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. 2002 నుంచి వాటిని నాలుగేసి జట్ల చొప్పున ఎనిమిది డివిజన్లుగా విభజించారు. డివిజన్‌లో మొదట నిలిచిన జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఓడినా ప్లేఆఫ్‌కు వెళ్తుంది. అంతేకాక, తన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌ను సొంత మైదానంలోనే ఆడుతుంది. మిగిలిన స్థానాలు వైల్డ్ కార్డ్ జట్లవి. నలుగురూ బలహీనులే ఉన్న డివిజన్‌లో ఎవరో ఒకరు మొదట నిలవక తప్పదు కనుక, గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన జట్టుకు కూడా జనవరిలో ఆడే అవకాశం దక్కుతుంది. 2022 సీజన్ ముగిసేనాటికి పూర్తి సీజన్ ఆడి ఇలా ప్లేఆఫ్ చేరిన జట్లు నాలుగు (అంకెలు వరుసగా గెలుపులు, ఓటములు, ఉంటే టైలు): 2010 సియాటిల్ సీహాక్స్ (7-9), 2014 కరొలైనా పాంథర్స్ (7-8-1), 2020 వాషింగ్టన్ (7-9), 2022 టాంపా బే బకనీర్స్ (8-9).

ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి తీసిపారేయడం అన్యాయమని ఈ సభ భావిస్తున్నది. జట్టును బలహీనమైనదని అనడం తేలిక. ఏ ఆధారంతో అంటున్నామో చెప్పడం బాధ్యత. కాబట్టి ముందుగా, తీర్పుకు పనికిరాని ఆధారాలను సభ పక్కన పెట్టింది.

ఒక్క మ్యాచ్ స్కోరును రుజువుగా తీసుకోరాదు. 1940 డిసెంబర్ 8న జరిగిన ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో వాషింగ్టన్ జట్టు షికాగో బేర్స్ చేతిలో 73-0 తేడాతో ఓడింది. లీగ్ చరిత్రలో అంతటి ఓటమి మరొకటి లేదు. అయినా ఆ జట్టు ఆ సీజన్‌లో 9 గెలిచి 2 మాత్రమే ఓడింది. మూడు వారాల ముందే అదే బేర్స్‌ను 7-3తో ఓడించింది కూడా. దాన్ని బలహీన జట్టని ఎవరూ అనలేరు.

గెలుపోటముల సంఖ్య ఒక్కటే చూసినా చాలదు. 2008లో శాన్ డియెగో చార్జర్స్ 8-8తో ప్లేఆఫ్ చేరింది. అదే ఏడాది 11 మ్యాచ్‌లు గెలిచిన న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ ఇంటిదారి పట్టింది. ఇంత అన్యాయమా అని అప్పట్లో చాలామందికి అనిపించి ఉండవచ్చు. కానీ చార్జర్స్ ఆ సీజన్‌లో 439 పాయింట్లు చేసి 347 ఇచ్చింది, అంటే 92 పాయింట్ల మిగులు. ప్లేఆఫ్‌లో 12-4తో వచ్చిన ఇండియనాపొలిస్ కోల్ట్స్‌ను అదనపు సమయంలో 23-17తో ఓడించింది కూడా. మరోవైపు 2022లో మిన్నెసోటా వైకింగ్స్ 13 మ్యాచ్‌లు గెలిచినా, సీజన్ మొత్తం మీద చేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427.

1982ను కూడా ఈ సభ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆటగాళ్ల 57 రోజుల సమ్మె వల్ల ఆ ఏడాది ఒక్కో జట్టు తొమ్మిది మ్యాచ్‌లే ఆడింది. పదహారు జట్లతో టోర్నమెంట్ నడపడంతో 4-5తో ఉన్న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, డెట్రాయిట్ లయన్స్ కూడా అందులో చేరి మొదటి మ్యాచ్‌లోనే ఓడాయి. సగం సీజన్‌ను పూర్తి సీజన్‌తో తూచడం తగదు.

కనుక ఈ సభ ప్రధాన కొలమానంగా సీజన్ మొత్తం మీద చేసిన, ఇచ్చిన పాయింట్ల తేడాను స్వీకరిస్తున్నది. ఐపీఎల్ పట్టికలో నెట్ రన్‌రేట్‌ను చూసే అలవాటున్న మన పాఠకులకు దీని విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. దానికి తోడుగా, ఓడిన మ్యాచ్‌లలో జట్టు ఎంతవరకు పోరాడిందన్నది చూడాలని సభ నిర్ణయించింది. ఈ రెండో అంశమే చివరికి తీర్పును తేల్చింది.

ఈ కొలమానంతో చూస్తే 2020 వాషింగ్టన్ జట్టు ఈ జాబితాలో ఉండకూడదు. ఓటములు ఎక్కువే, కానీ చేసిన పాయింట్లు 335, ఇచ్చినవి 329. కోచ్ రాన్ రివెరా ఆ సీజన్‌లోనే క్యాన్సర్ చికిత్స తీసుకుంటూ జట్టును నడిపారు. క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ 2018 నవంబర్‌లో కాలు విరిగి, 17 శస్త్రచికిత్సల తర్వాత మళ్లీ మైదానంలో అడుగుపెట్టారు. ప్లేఆఫ్ నాటికి ఆయన ఆడలేకపోతే, టేలర్ హైనికీ 306 గజాల పాసింగ్‌తో టాంపా బేకు చెమటలు పట్టించారు. 31-23తో ఓడినా, వారిని ఓడించిన జట్టే ఆ ఏడాది సూపర్ బౌల్ గెలిచింది. అత్యంత బలహీన జట్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ జట్టు పేరు ఎత్తడం మానాలని సభ కోరుతున్నది.

2022 బకనీర్స్‌కు 45 పాయింట్ల లోటు, 2014 పాంథర్స్‌కు 35 పాయింట్ల లోటు. 2004 సెయింట్ లూయిస్ ర్యామ్స్ 8-8తో చేరింది కాబట్టి ఈ చర్చలో దాని పేరు తక్కువగా వినబడుతుంది గానీ, దాని లోటు 73.

అసలు వాదన రెండు జట్ల మధ్య సాగింది: 2011 డెన్వర్ బ్రాంకోస్, 2010 సియాటిల్ సీహాక్స్.

బ్రాంకోస్ 8-8తో, చివరి మూడు మ్యాచ్‌లూ ఓడి, 81 పాయింట్ల లోటుతో ప్లేఆఫ్‌కు వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో విసిరిన బంతిని అందుకుని డెమారియస్ థామస్ 80 గజాల టచ్‌డౌన్ సాధించగా పిట్స్‌బర్గ్‌ను 29-23తో ఓడించి, వారం తిరగకముందే పేట్రియట్స్ చేతిలో 45-10తో చిత్తయింది. అత్యంత బలహీన జట్టు ఇదేనని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. వారి వాదంలో బలం ఉంది. కానీ బ్రాంకోస్ ఓటములను విడివిడిగా చూస్తే, ఓక్లాండ్‌తో 23-20, టెన్నెసీతో 17-14, చివరి రోజు కాన్సాస్ సిటీతో 7-3 వంటివి కనబడతాయి. అటో ఇటో ఒక్క ఆట మారితే ఫలితం మారే మ్యాచ్‌లు అవి.

సీహాక్స్ ఓటములలో అలాంటిది ఒక్కటీ లేదు. తొమ్మిది మ్యాచ్‌లు ఓడితే తొమ్మిదింటిలోనూ తేడా 15 పాయింట్లు లేదా అంతకు మించే. ఓక్లాండ్ చేతిలో 33-3, న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 41-7, టాంపా బే చేతిలో 38-15. మొదటి ఆరు మ్యాచ్‌లలో నాలుగు గెలిచిన జట్టు తర్వాతి పదింటిలో మూడే గెలిచింది. చేసిన పాయింట్లు 310, ఇచ్చినవి 407, లోటు 97. ఆ డివిజన్‌లోని నాలుగు జట్లలో ఒక్కటి కూడా సగం మ్యాచ్‌లు గెలవలేదు. 2011 జనవరి 2న ర్యామ్స్‌ను 16-6తో ఓడించి, అదే 7-9తో సమానంగా నిలిచిన ఆ జట్టును డివిజన్ మ్యాచ్‌ల లెక్కలో దాటి సీహాక్స్ ముందుకు వెళ్లింది. అదే ఏడాది పదేసి మ్యాచ్‌లు గెలిచిన జెయింట్స్, టాంపా బే రెండూ బయటే ఉండిపోయాయి. సీహాక్స్‌ను చిత్తుగా ఓడించిన జట్లు ఆ రెండూ.

"మరి వాళ్లు ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచారు కదా" అన్న ప్రశ్నకు సభ సూటిగా జవాబిస్తున్నది. అవును, గెలిచారు. అంతకు ముందు ఏడాది విజేత అయిన న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ను జనవరి 8న 41-36తో ఓడించారు. మ్యాట్ హాసెల్‌బెక్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరారు. నాలుగో క్వార్టర్‌లో మార్షాన్ లించ్ మీద పడుతున్న వారిని ఒక్కొక్కరినే విదిలించుకుంటూ 67 గజాలు పరుగెత్తినప్పుడు స్టేడియంలో ప్రేక్షకులు చేసిన సందడికి పుట్టిన కంపనాలను భూకంప నమోదు యంత్రం పట్టుకుంది. ఆ పరుగు ఈ ఆట చరిత్రలోని అపురూప క్షణాలలో ఒకటని ఈ సభ మనస్ఫూర్తిగా ప్రకటిస్తున్నది. కానీ అదే సెయింట్స్ నవంబర్‌లో అదే సీహాక్స్‌ను 34-19తో ఓడించింది. ప్లేఆఫ్‌లో రెండోసారి కలిసినప్పుడు మ్యాచ్ సియాటిల్‌లో జరిగింది. పదకొండు గెలిచిన జట్టు, ఏడు గెలిచిన జట్టు ఇంటికి వెళ్లి ఆడవలసి వచ్చింది. ఒక సాయంత్రపు విజయం పదహారు మ్యాచ్‌ల సాక్ష్యాన్ని తుడిచివేయదు. ఆ సాక్ష్యం కూడా ఆ సాయంత్రపు శోభను తగ్గించదు.

ఇక్కడ సభ మరొక విషయాన్ని కూడా తేల్చదలచింది. సీజన్‌లో బలహీనత వేరు, ప్లేఆఫ్ రోజున బరిలోకి దిగిన జట్టు బలహీనత వేరు. 2014 పాంథర్స్ ఒక దశలో 3-8-1తో ఉండి, వరుసగా నాలుగు గెలిచి వచ్చింది. జనవరిలో దానికి ఎదురైన అరిజోనా కార్డినల్స్ 11-5 జట్టు. కాగితం మీద పోటీయే కాదు. కానీ అరిజోనా క్వార్టర్‌బ్యాక్ కార్సన్ పామర్ మోకాలు నవంబర్‌లో దెబ్బతింది, ఆయన స్థానంలో వచ్చిన డ్రూ స్టాంటన్ డిసెంబర్‌లో గాయపడ్డారు, ఆడవలసిన భారం ర్యాన్ లిండ్లీపై పడింది. ఆ మ్యాచ్‌లో అరిజోనా మొత్తం సాధించింది 78 గజాలు. ప్లేఆఫ్ చరిత్రలో అంత తక్కువ ఏ జట్టూ సాధించలేదు. స్కోరు 27-16 అని చూసినవారికి ఇది తెలియదు. ఆ రోజు మైదానంలో నిజంగా బలహీనమైన జట్టు 7-8-1 జట్టు కాదు, 11-5 జట్టు. ఇది ఆటగాళ్ల చేతకానితనం కాదు, గాయాల ఫలితం. అందుకే ఈ సభ దీన్ని తప్పుగా గాక, వాస్తవంగా మాత్రమే నమోదు చేస్తున్నది.

పై కారణాలన్నిటినీ పరిగణించి, ఈ సభ ఇందుమూలంగా ఇలా తీర్మానిస్తున్నది:

పూర్తి సీజన్ ఆధారంగా, ప్లేఆఫ్ చేరిన జట్లలో అత్యంత బలహీనమైనది 2010 సియాటిల్ సీహాక్స్. ప్లేఆఫ్ రోజున బరిలోకి దిగిన జట్లలో అత్యంత బలహీనమైనది 2014 అరిజోనా కార్డినల్స్. రెండు తీర్పులనూ కలిపి గందరగోళం చేయరాదు.

సీహాక్స్ నియమం ప్రకారమే వచ్చింది. ఆటగాళ్లను గానీ, ఆ జట్టుతో అప్పుడే మొదటి సీజన్ నడుపుతున్న కోచ్ పీట్ కారల్‌ను గానీ ఈ సభ నిందించదు. నిందించవలసింది డివిజన్ విజేతకు మారు మాట లేకుండా సొంత మైదానం కట్టబెట్టే నియమాన్ని. డివిజన్ గెలిచిన జట్టుకు ప్లేఆఫ్‌లో చోటు ఇవ్వడం సబబే. అది లేకపోతే పొరుగు జట్లతో ఏటా రెండేసి సార్లు ఆడే పోటీకి అర్థం ఉండదు. కానీ చోటు వేరు, ఆతిథ్య హక్కు వేరు. 2024 సీజన్‌లో 14 గెలిచిన వైకింగ్స్, 10 గెలిచిన ర్యామ్స్‌కు అతిథిగా ఆడవలసి వచ్చింది. ఇది చూశాక 2025లో డెట్రాయిట్ లయన్స్, మెరుగైన రికార్డు ఉన్న వైల్డ్ కార్డ్ జట్టుకు పైస్థానం, సొంత మైదానం దక్కేలా నియమం మార్చాలని ప్రతిపాదించింది. తర్వాత మే నెలలో ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది.

ఆ ప్రతిపాదనను మళ్లీ ముందుకు తెచ్చి ఓటుకు పెట్టాలనీ, ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు సొంత ప్రేక్షకుల ముందు ఆడే రోజు రావాలనీ లీగ్ జట్ల యజమానులను ఈ సభ కోరుతున్నది.

బ్రాంకోస్ పక్షాన వాదించిన సభ్యుల భిన్నాభిప్రాయాన్ని నమోదు చేస్తూ, ఈ తీర్మానాన్ని సభ మెజారిటీ ఓటుతో ఆమోదించడమైనది.